మోట పిలుపు

కొమ్ము మొదట్లో ఈగలు మూగితే ఏ ఎద్దయినా తల విదిలిస్తుంది. మంగళవారం పొద్దున కర్రెన్న విదిలించలేదు. మెడ బిగబట్టి, కళ్లు అరమూసుకుని, గాటికి అడుగు దూరంలో నిలబడిపోయింది. బార్లీ, ఖర్జూరం, నెయ్యి కలిపి పెట్టిన దాణా పెట్టింది పెట్టినట్టే ఉంది.

రాజలింగం చేతిలోని గడ్డిమోపు కింద పడేసి దగ్గరికి పోయాడు. కుడికొమ్మును రెండు వేళ్లతో పట్టుకుని, నిద్రపోతున్న ఇంటి గడియ తీసినంత మెల్లగా కదిపాడు. కదలకూడదు. వెంట్రుకవాసి కదిలింది. కొమ్ము మొదట్లో చర్మం కింది నుంచి నెత్తురు కలిసిన నీరు సన్నగా కారి వేలికంటింది. వాసన చూశాడు. ఆ వాసన అతనికి కొత్తది కాదు. చిన్నప్పుడు తండ్రి ఎద్దుకు కొమ్ము చిట్లినప్పుడు కొట్టమంతా అదే వాసన. ఆ తర్వాత ఆ ఎద్దు ఎన్ని రోజులు బతికిందో కూడా అతనికి గుర్తుంది. గుర్తుంది కాబట్టే ఆ సంగతి మనసులోకి రానివ్వలేదు.

శుక్రవారానికి ఇంకా మూడు రోజులే ఉన్నాయి.

గల్ఫులోని ఫుజైరాలో శుక్రవారం సాయంత్రం నమాజు అయ్యాక సముద్రం ఒడ్డు మైదానంలో ఎడ్లు పోట్లాడతాయి. తాతల నాటి వేడుక. మనిషి కత్తి పట్టుకుని దిగడం ఉండదు, చంపడం ఉండదు, పందెం కాయడమూ లేదు. రెండు ఎడ్లను ఎదురెదురుగా వదులుతారు, అవి తలలు ఆనించి నెట్టుకుంటాయి, వరసగా వెనకడుగులు వేసింది ఓడినట్టు. తాళ్లు పట్టుకున్న మనుషులు రెంటినీ విడదీసి తీసుకుపోతారు. ఇందులో పాపమేముందని అడిగితే జవాబు చెప్పడం కష్టం. రాజలింగాన్ని కూడా చాలామంది అడిగారు. జగిత్యాల జిల్లాలోని సొంతూరి నుంచి భార్య సమ్మవ్వ ఫోనులో అడిగింది, దుబాయ్ నైఫ్ పేట గదుల్లో ఉండే తమ వైపు పిల్లలు వీడియోలు చూసి అడిగారు. చావు లేదు, నెత్తురు లేదు, ఉత్త బలమే అని అందరికీ ఒకే జవాబు చెబుతూ వచ్చాడు. చెప్పీ చెప్పీ తానూ నమ్మాడు.

కర్రెన్న అసలు పేరు రఅద్. అరబ్బీలో ఉరుమని అర్థమట. నల్లటి ఒళ్లు, మనిషి ఎత్తు మూపురం. ఉరుమూ మెరుపూ అనేవి షేకుల సరదా పేర్లు, రాజలింగం నోటికి మాత్రం అది మొదటి రోజు నుంచీ కర్రెన్నే. ఆంబోతును పట్టుకుని ఎద్దంటావేమిటని ఎవరైనా నవ్వితే, మోట గుంజేది ఎద్దు, ఇది మోట గుంజుతుంది, కాబట్టి ఎద్దు అని తేల్చేసేవాడు.

ఆ మోట సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఈ కథే లేదు.

కరెంటు మోటార్లు రాకముందు రాజలింగం తండ్రి మోట కొట్టినవాడు. మోట గుంజే ఎద్దు రెండు పనులు నేర్వాలి. బావి నుంచి దిగువకు వాలుగా తవ్విన దారిలో మోకు గుంజుతూ ముందుకు దిగడం మొదటిది. తోలు బొక్కెన పైకి వచ్చి కాలువలో నీళ్లు ఒలికాక, అదే దారిలో వెనక్కి వెనక్కి అడుగులేస్తూ బావి దాకా ఎక్కడం రెండోది. మొదటిది ఏ ఎద్దయినా చేస్తుంది. రెండోదాన్ని పిలుపు మీద నేర్పాలి. తన వెనకేముందో ఎద్దుకు కనబడదు. ఉన్నది బావి. పిలిచేవాడు తనను బావిలో పడనివ్వడన్న నమ్మకం ఉంటేనే అది వెనక్కి నడుస్తుంది. ఆ నమ్మకం రావడానికి ఆర్నెల్లు పడుతుందని తండ్రి అనేవాడు.

పద్నాలుగేళ్ల కిందట రాజలింగం ఈ తోటకు పనికొచ్చినప్పుడు యజమాని ముసలాయన ఖల్ఫాన్. కొండల నుంచి దిగే వాగు పక్కన ఆయన ఖర్జూర తోట, తోట మధ్య ఎండిపోయిన పాతబావి, బావి నుంచి దిగువకు సగం చెరిగిన వాలు. దాన్ని చూడగానే రాజలింగం కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఇది మోటబావి గదా అని సైగలతో అడిగాడు. ముసలాయన ముఖం వెలిగిపోయింది. మా నాన్న కూడా ఎడ్లతో ఇందులోంచే నీళ్లు తోడి ఈ చెట్లు పెంచాడు అని చేతులు తిప్పి తిప్పి చెప్పాడు. భాష తెలియని ఇద్దరు మనుషులు ఆ సాయంత్రమంతా ఒక ఎండిన బావి పక్కన కూర్చుని నీళ్ల గురించి మాట్లాడుకున్నారు.

తర్వాత ఇద్దరూ కలిసి ఒక పిచ్చిపని చేశారు. బావి మీద గిలక బిగించి, బొక్కెన బదులు ఇసుక బస్తా కట్టి, చిన్న కోడెగా ఉన్న కర్రెన్నతో మోట గుంజించడం మొదలుపెట్టారు. నీళ్లు లేవు, పొలం లేదు. బస్తా పైకి వచ్చేది, కిందికి పోయేది. ముందుకు దిగి, రాజలింగం పిలుపు మీద వెనక్కి ఎక్కి, పైన ఆగిన ప్రతిసారీ కర్రెన్న నాలుక చాచేది, నాలుక మీద గింజ తీసిన ఖర్జూరం ఒకటి పడేది. రెండేళ్లలో దాని వెనక తొడలు చూసి ఊరివాళ్లు నోరు వెళ్లబెట్టారు. వెనక్కి వాలు ఎక్కిన కాళ్లను ముందునుంచి ఎవరు నెట్టగలరు? బరిలో అది ఎనిమిదేళ్లలో రెండే సార్లు సమానంగా విడిపోయింది, ఓడింది లేదు.

ఒక్క ప్రమాదం మాత్రం ఉండేది. ఒక శుక్రవారం బరిలో, ఎదుటి ఎద్దు బలంగా నెడుతున్నప్పుడు, రాజలింగం నోట అలవాటుగా "హో..." అని సగం పిలుపు జారింది. అంత గోలలోనూ కర్రెన్న చెవి వెనక్కి తిరిగింది, వెనక కాలు గాలిలోకి లేచింది. అతను నోరు నొక్కుకున్నాడు. కాలు మళ్లీ నేలకు ఆనింది. ఎవరూ చూడలేదనుకున్నాడు గాని, కుర్చీలో కూర్చున్న ఖల్ఫాన్ చూశాడు. ఆ సాయంత్రం ముసలాయన అతని పెదవుల మీద వేలు ఆనించి, బరిలో ఈ పిలుపు నీ నోట రాకూడదని చెప్పాడు. రాలేదు, అప్పటినుంచీ.

కరోనా మొదటి ఏడాదిలోనే ఖల్ఫాన్ పోయాడు. పోట్లాటలు ఆగాయి, మళ్లీ మొదలయ్యాయి. ఇప్పుడు తోట, ఎడ్లు, రాజలింగం వీసా, అన్నీ కొడుకు హుమైద్ చేతిలో ఉన్నాయి.

హుమైద్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఈ కథ చెప్పడం తేలికయ్యేది. ఆఫీసులో ఉద్యోగం, మెత్తటి మాట. తండ్రి చేసినట్టే పనివాళ్లతో కలిసి ఒకే పళ్లెంలో తింటాడు. మంగళవారం సాయంత్రం అతను రాగానే రాజలింగం కొమ్ము చూపించాడు. పోయిన వారం పోట్లాటలోనే చిట్లి ఉంటుందని, ఈ వారం వద్దని, డాక్టరుకు చూపించమని వచ్చీరాని హిందీలో బతిమాలాడు. హుమైద్ కొమ్ము ముట్టుకుని చూశాడు, ముఖం చిన్నబుచ్చుకున్నాడు. డాక్టరు చూస్తే నెల రోజులు ఆపేస్తాడన్నాడు. పక్క ఊరు కల్బా వాళ్ల ఎర్ర ఎద్దుతో జోడీ అని అందరి ఫోన్లకూ పోయిందట. ఆ ఇంటివాళ్ల ఎద్దు చేతిలోనే తన తండ్రి చివరి ఏడు ఒక ఎద్దు ఓడిందట, ఆయన ఆ దిగులుతోనే పోయాడట.

"కొట్లాట దాని పుట్టుక, రాజా. నేను నేర్పానా?" అన్నాడు. "జుమ్మా ఒక్కటీ అయిపోనీ. ఖలాస్. గెలిచినా ఓడినా ఇదే ఆఖరు. నిలబడి ఇంటికొస్తే చాలు, వచ్చే వారం కొండ మీద తోటకు పంపేస్తాను. నాన్న ముసలి ఎడ్లను పంపినట్టే. నువ్వు కూడా వెళ్లి దానితోనే ఉందువు."

కొట్లాట ఎడ్ల పుట్టుకేనని రాజలింగానికీ తెలుసు. తన ఊళ్లోనూ ఎడ్లు పొడుచుకునేవి. కాని ఓడిన ఎద్దు పారిపోవడానికి అక్కడ ఊరంత జాగా ఉండేది. ఇక్కడ చుట్టూ కార్లు, కార్ల మీద మనుషులు, ముక్కుకు తాడు. ఈ మాట హిందీలో ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు. తెలిసినా చెప్పేవాడా అంటే అదీ అనుమానమే.

బుధవారం పసుపు కోసం హుమైద్ ఇంటి వంటగది తలుపు దగ్గరికి వెళ్లాడు. అక్కడ వంట చేసే అచ్చాయమ్మది కోనసీమ. పొట్లం కట్టి ఇస్తూ, ఎవరికి దెబ్బ అని అడిగింది. చెప్పాడు. ఆమె కాసేపు పొట్లం వదలలేదు.

"మా ఆయన పుంజుల్ని పెంచేవాడండి," అంది. "పిల్లలకి లేకపోయినా దానికి బాదంపప్పులెట్టేవాడు. కాలికి కత్తి కట్టి బరిలో దింపేటప్పుడు మాత్రం దాని కళ్లలోకి చూసేవాడు కాదు. ఎందుకయ్యా అంటే చెప్పేవాడు కాదు. మీరు చూస్తారా అన్నయ్యా?"

"మా దాంట్ల కత్తులుండయక్కా," అన్నాడు రాజలింగం.

"ఉండవులెండి," అంది ఆమె, పొట్లం వదిలేసి.

పసుపు, వేపనూనె కలిపి పూశాడు. ఈగలు పోయాయి, వాసన పోలేదు. ఆ రాత్రి కర్రెన్న పడుకోలేదు, తల గోడకు ఆనించి నిలబడే ఉంది. గురువారం గాలి సముద్రం నుంచి కాక కొండల నుంచి వీచింది. తోటంతా సన్నటి దుమ్ము. కొట్టం కప్పు మీద ఎక్కడినుంచి వచ్చాయో రెండు కాకులు వచ్చి కూర్చున్నాయి. తోలితే లేచి మళ్లీ అక్కడే వాలాయి. ఏదో జరగబోతోందని రాజలింగం ఒళ్లు చెబుతూనే ఉంది. ఒళ్లు చెప్పేదాన్ని వింటే గల్ఫులో పద్నాలుగేళ్లు బతకడం కుదరదు కాబట్టి అతను వినడం మానేసి చాలా కాలమైంది.

ఎద్దుల్ని బరికి తోలుకెళ్లే పికప్ డ్రైవరు మౌలా సాహెబ్‌ది నిజామాబాద్. ఆ దేశంలో రాజలింగానికి మనసు విప్పి మాట్లాడే మనిషి అతనొక్కడే. గురువారం సాయంత్రం ఇద్దరూ ఎండుబావి గట్టు మీద కూర్చున్నప్పుడు రాజలింగం తన ఉపాయం బయటపెట్టాడు.

"రేపు బరిల కొమ్ము జర కదిలినట్టు కనవడ్డా సరే, నేను మోట పిలుపు పిలుస్త. అది ఎన్కకు అడుగేస్తది. ఓడినట్టయితది. తాళ్లోల్లు ఇడదీస్తరు. కొమ్ముతోని, కండ్లతోని ఇంటికొస్తది. వచ్చే వారం తోట."

మౌలా సాహెబ్ బావిలోకి చిన్న రాయి వేశాడు. అడుగున ఎక్కడో పొడి చప్పుడయింది.

"పిలువన్నా. మంచి సోంచినవ్," అన్నాడు చివరికి. "గని సోంచాయించుకుంట నిలవడకు. బరిల నిలవడ్డంక మనిషి మనిషి లెక్క ఉండడు. నేనెంతమందినో చూసిన."

రాజలింగం నవ్వాడు. నేనేమన్నా షేకునా, నాకు గెలుపెందుకు, నాకు ఎద్దు గావాలె అన్నాడు. ఆ మాట ఒట్టు పెట్టుకున్నంత నిజంగా అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం పికప్ ఎక్కించడానికి పెద్ద కష్టం లేకపోయింది. తోటలో వెనక తలుపు ఎత్తుకు మట్టికట్ట ఉంది, తాడు పట్టుకుని నడిస్తే కర్రెన్న ఎప్పటిలాగే వెంట నడిచి ఎక్కింది. మైదానం చేరేసరికి కార్లు గుండ్రంగా నిలిచి ఉన్నాయి. ముసలివాళ్లు చేతికర్రలు ఆనించి ముందు వరసలో కూర్చున్నారు. చిన్నపిల్లలు కార్ల బానెట్ల మీద చిప్స్ తింటున్నారు. చుట్టూ కట్టేసిన ఎడ్లు ఇసుక తవ్వుతూ రంకెలు వేస్తున్నాయి. కర్రెన్న మాత్రం రంకె వేయలేదు. తల వంచి, ముక్కుతో నేల వాసన చూస్తూ నిలబడింది.

నైఫ్ నుంచి ఒక వ్యాను నిండా మెట్‌పల్లి, కోరుట్ల వైపు పిల్లలు వచ్చారు. రాజలింగం కాకా ఎద్దు చూడాలని ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నారట. పదిమంది ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. ఊళ్లో సమ్మవ్వ కూడా చూస్తుందని, ఫోనులోనే నేరుగా చూపిస్తున్నామని ఒకడు చెప్పాడు. రాజలింగం తలగుడ్డ సర్దుకున్నాడు.

మైకు పట్టుకున్నాయన జోడీ పేర్లు చదివాడు. రఅద్, ఖల్ఫాన్ కొడుకు హుమైద్‌ది అన్నాడు. ఎప్పుడూ అక్కడితో ఆగేవాడు. ఆ రోజు ఆగలేదు. దీన్ని పెంచింది హిందీ రాజా, ఇండియా మనిషి, ఎండుబావిలో మోట గుంజించి పెంచాడట, మన తాతలు చేసినట్టు, అని అరబ్బీలో చెప్పి, అతని వైపు చెయ్యి చాపాడు. ముందు వరస ముసలివాళ్లు తలలు తిప్పి చూశారు. ఒకాయన చేతికర్ర పైకెత్తి సలాం చేశాడు. వెనక నుంచి తెలుగు ఈలలు మోగాయి.

పద్నాలుగేళ్లలో ఆ దేశంలో అతని పేరు పని చెప్పడానికి తప్ప ఇంకెందుకూ ఎవరూ పిలవలేదు. యల్లా రాజా, నీళ్లు పెట్టు. యల్లా రాజా, పేడ ఎత్తు. ఇప్పుడు నాలుగు మైకు గొట్టాల్లోంచి అదే పేరు సముద్రం దాకా వెళ్లి వచ్చింది. రాజలింగం గుండె ఒక్కసారి ఉబ్బింది. అది తప్పని నేను అనను. ఎవరి గుండె ఉబ్బదు?

ముక్కుతాడు పట్టుకుని కర్రెన్నను బరి మధ్యకు తెచ్చాడు. కల్బా ఎర్ర ఎద్దు కర్రెన్న కంటే చేతెడు పొడుగు, వయసులో ఉన్నది. తాడు వదిలేముందు కర్రెన్న ఒకసారి తల తిప్పి అతని వైపు చూసింది. అచ్చాయమ్మ మాట గుర్తుకొచ్చి కళ్లు కలపబోయాడు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఎవరో "కాకా, ఇటు!" అని పిలిచారు. అటు చూశాడు. ఫోను. మళ్లీ ఇటు తిరిగేసరికి రెండు తలలూ ఢీకొన్నాయి.

మొదటి నెట్టుకే కర్రెన్న రెండడుగులు జారింది. జారింది గాని, వెనక కాళ్లు ఇసుకలో పాతుకుని ఆగింది. ఎర్రది ఎడమ పక్కకు మెలి తిప్పింది. రాజలింగం తాళ్లవాళ్ల పక్కనే, నాలుగు గజాల దూరంలో నిలబడి కుడికొమ్మునే చూస్తున్నాడు. కొమ్ము మొదట్లో పసుపు పూత చిట్లింది. సన్నటి ఎర్రగీత కనబడింది.

ఇదే సమయం. నోరు తెరిచాడు. "హో" అనేంతలో కర్రెన్న వెనక తొడలు బిగుసుకున్నాయి, మూపురం వణికింది, ఎర్ర ఎద్దు ఒక అడుగు వెనక్కి పోయింది. మైదానం హోరెత్తింది. మైకు మళ్లీ అతని పేరు పలికింది. ఇంకొక్క అడుగు వెనక్కి పోతే గెలుపే. ఒక్క అడుగు. పిలుపు అతని గొంతులోనే ఉంది, ఎక్కడికీ పోలేదు. ఇంకొక్క అడుగు పడనీ, తర్వాత పిలుద్దాం అనుకున్నాడు. గెలిచి ఇంటికెళ్తే మరీ మంచిది గదా అని కూడా అనుకున్నాడు. ఎర్రగీత వెడల్పయింది. అదీ చూశాడు. చూడలేదని తర్వాత ఎవరికీ చెప్పలేకపోయాడు.

అడుగు పడలేదు. ఎర్రది కాళ్లు కూడదీసుకుని తల కిందికి దించి పైకి ఎగదన్నింది. ఎండు కట్టె విరిగినట్టు చప్పుడయింది. కర్రెన్న కుడికొమ్ము మొదలంటా ఊడి చర్మానికి వేలాడింది. కొమ్ము అడ్డు తొలగిన చోటి నుంచి ఎర్రదాని కొమ్ము నేరుగా కంటిలోకి దిగింది. కర్రెన్న అరవలేదు. వెనక్కి కూడా అడుగు వేయలేదు. వెనక్కి రమ్మని పిలుపు రానిదే అది వెనక్కి ఎన్నడూ నడవలేదు. కన్ను పోయిన తలతోనే, నెత్తురు ముక్కులోకి కారుతుండగా, నెట్టింది. ఎర్రది ఒక అడుగు తప్పుకుంది, రెండో అడుగు, మూడో అడుగు వేసి, తిరిగి పారిపోయింది.

కార్ల హారన్లు మోగాయి. హుమైద్ పరుగున వచ్చి అతన్ని కావిలించుకుని రెండు చెంపలూ ముద్దు పెట్టుకున్నాడు. వ్యాను పిల్లలు ఈలలు వేస్తున్నారు. అప్పుడు రాజలింగానికి తన చేతులు గాలిలోకి లేచి ఉన్నాయని తెలిసింది. తలగుడ్డ చేతిలో తిరుగుతోంది. గొంతు మండుతోంది. ఇంతసేపూ అరిచినవాళ్లలో తానూ ఉన్నాడు. ఏమని అరిచాడో గుర్తులేదు. మోట పిలుపు మాత్రం కాదు.

అక్కడికి వచ్చిన పశువుల డాక్టరు చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. కొమ్ము ఊడిన చోట రంధ్రం తలలోకి తెరుచుకుందన్నాడు. ఎముక చిట్లింది, కన్ను లేదు. సూదులు వేసి నెల రోజులు లాగొచ్చు, ఆ నెలంతా నరకం, ఆ తర్వాత ఎలాగూ బతకదు. సూదులు వేయక ముందే అయితే హలాల్ చేయించవచ్చు, మీ ఇష్టమన్నాడు. హుమైద్ ఇసుకలో కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. తర్వాత ముఖం తుడుచుకుని, దాన్ని బాధపెట్టొద్దు, పొద్దు గుంకే లోపు కబేళాకు తీసుకెళ్లండి అని మౌలా సాహెబ్‌తో చెప్పాడు.

మైదానం ఖాళీ అయింది. నైఫ్ పిల్లలు వెళ్తూ వెళ్తూ రాజలింగం భుజం తట్టి, వీడియో అప్పుడే ఊళ్లో అందరికీ పోయిందని చెప్పారు. సమ్మవ్వ రెండుసార్లు ఫోను చేసింది. ఎత్తలేదు.

ఇక్కడ మట్టికట్ట లేదు. పికప్ వెనక తలుపుకు రెండు బల్లలు వాలుగా వేశారు. కర్రెన్న ఎక్కలేదు. కుడివైపు చీకటి, ముందు ఇనుప బోను. ముందు కాళ్లు బల్లకు తగలగానే వెనక్కి గుంజుకునేది. ఆరుగురు తాళ్లు పట్టి లాగారు. ముక్కు చీరుకుపోతుందే తప్ప అంగుళం కదల్లేదు. ఎవరో తోక మెలిపెట్టబోతే హుమైద్ కొట్టినంత పని చేశాడు. గెలిచిన ఎద్దును ఇలా లాగకండి అన్నాడు. మరెలా ఎక్కించాలో ఎవరికీ తెలియలేదు. పొద్దు కొండల మీదికి వాలింది, అజాన్ వినబడటానికి ఎంతో సేపు లేదు. రాజలింగం కాస్త దూరంగా, చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

మౌలా సాహెబ్ అతని దగ్గరికి వచ్చాడు. ముఖం చూడకుండా, చెప్పుతో ఇసుక రాస్తూ మాట్లాడాడు.

"అన్నా. నువ్వు పిలిస్తే వస్తది."

రాజలింగం చేతులు చంకల్లోంచి తీయలేదు.

"ఇట్ల గుంజుతాంటే ఇంకా చిత్రవధ అయితుందే," అన్నాడు మౌలా సాహెబ్. "నువ్వే పిలువాలె. ఇంకెవ్వలు పిలిచినా రాదు."

రాజలింగం కదిలాడు. కర్రెన్న ముఖం దాటి వెళ్లేటప్పుడు ఈసారి దాని కంట్లోకి చూశాడు. మిగిలిన ఒక్క కంట్లోకి. అది అతన్ని గుర్తుపట్టి మూతి చాచింది. తాళ్లు వదులు చేయమని, ఎద్దును వెనక్కి తిప్పి నిలబెట్టమని చెప్పి, అతను బల్లల మీదుగా పికప్‌లోకి ఎక్కి బోను చివరిదాకా వెళ్లి నిలబడ్డాడు. మోటలో బావి ఉండే చోటది.

మొదటిసారి బొంగురుగా గాలి వచ్చింది. దానికే కర్రెన్న ఎడమ చెవి వెనక్కి తిరిగింది.

"హో... ఎన్కకో... నా కర్రెన్నా, ఎన్కకో... హో..."

గంట కింద రావలసిన పిలుపు. కర్రెన్న వెనక కాలు ఎత్తింది, బల్లను తడిమి చూసింది, మోపింది. రెండో కాలు. తాళ్లవాళ్లు చూస్తున్నారు. వెనకేముందో దానికి కనబడదు. పిలిచేవాడున్నాడు, చాలు. అడుగు వెనక అడుగు, తొందర లేకుండా, ఎండుబావి గట్టు ఎక్కినట్టే బల్లలెక్కి, బోనులోకి వచ్చి, అతని చెయ్యి తొంటికి తగలగానే ఆగింది.

ఆగి, మెడ పక్కకు తిప్పి, నాలుక చాచింది.

రాజలింగం జేబులో చెయ్యి పెట్టాడు. బయల్దేరేటప్పుడు అలవాటుగా వేసుకున్న ఖర్జూరాలు ఉన్నాయి. ఒకదాని గింజ తీయబోతే అది చేతిలోంచి జారిపోయింది. ఇంకొకటి తీశాడు. నాలుక మీద పెట్టాడు. కర్రెన్న నెమ్మదిగా నమిలింది, మింగింది, తర్వాత ముందుకు తిరిగి కాళ్లు సరిచేసుకుని, మళ్లీ దిగి మోకు గుంజమని అతను చెప్పేదాని కోసం నిలబడింది.

మౌలా సాహెబ్ బల్లలు తీసి వెనక తలుపు వేశాడు.